వంతపాటకు ముందుపాట: బెళుగుప్ప ప్రాంతపు భజన గురువులు

‘భజన’ యను మాటను మనము నేడు రెండర్థములలో వాడుచున్నాము. దేవుని పేరెత్తి పలువురు కలిసి పాడుట యొకటి. అధికారము గలవారిని పొగడుచు వారి వెంట దిరుగుట రెండవది. ఈ రెండవ యర్థము వెక్కిరింపులో పుట్టినదైనను, అది ఒక యపోహపై నిలిచియున్నది. భజనలో ఒకడు పాడును, తక్కినవారు తలలూపుచు ఆ మాటలనే తిరిగి పలుకుదురు. కావున అది ఆలోచన లేని యనుకరణమని ఆ యపోహ. ధాతుపాఠము ‘భజ’ ధాతువునకు సేవార్థమును చెప్పినది. కాని ఆ ధాతువునకు పంచుట, పాలుగొనుట యను నర్థమును అంత ప్రాచీనమైనదే. భాగము, విభాగము, విభజనము అన్నియు ఆ మూలము నుండి వచ్చినవే. వండిన యన్నమునకు ‘భక్త’ మను పేరు వచ్చుటయు ఇందువలననే. ఈ దృష్టితో చూచినచో భజనకు వచ్చినవాడు వినుటకు వచ్చినవాడు కాడు, తన పాలు తాను పుచ్చుకొనుటకు వచ్చినవాడు. అట్లయిన ఆ పాలు పంచువాడెవడు? ఏ కొలతతో పంచును? ఈ ప్రశ్నయే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

మన విశ్వవిద్యాలయములలో జానపద గేయములపై జరిగిన కృషి తక్కువది కాదు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ 1958లో గ్రంథముగా వెలువడినది మొదలు ఎన్నో పరిశోధనలు వెలసినవి. వానిలో పెక్కింటికి పాటయే ప్రధానము. దాని ఛందస్సు, దాని భాష, దానిలోని కథ, దాని పాఠాంతరములు పరిశీలింపబడినవి. సంగీతజ్ఞులు రాగమును, తాళమును పరిశీలించిరి. నలువదిమందిని ఒకచోట నిలిపి, వారిలో ముప్పదిమందికి శ్రుతిజ్ఞానము లేకున్నను ఒక్క గొంతుగా పాడించు మనిషిని మాత్రము ఉభయులును విడిచిపెట్టిరి. అతడు కవి కాడు గనుక సాహిత్య చరిత్రలో చేరడు. విద్వాంసుడు కాడు గనుక సంగీత చరిత్రలోను చేరడు.

బెళుగుప్ప అనంతపురము జిల్లాలో ఒక మండల కేంద్రము. కళ్యాణదుర్గము రెవెన్యూ డివిజనులోనిది, ఉరవకొండ శాసనసభా నియోజకవర్గములోనిది. ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు, రాతిగుట్టలు, నీరు లేని వాగులు. జిల్లా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటును నమ్మి విత్తువేసిన రైతు బాగుపడిన యేండ్లు తక్కువ, ఏలననగా వాన మొత్తముకంటె అది పడు వేళ ముఖ్యము. హంద్రీ–నీవా పథకపు జీడిపల్లి జలాశయము ఈ మండలములోనే యున్నను, మెట్టసేద్యపు జూదము పూర్తిగా తొలగలేదు. పడమట కన్నడదేశము కూతవేటు దూరము. కావున ఇచటి భజనలలో పురందరదాసు పదములు, రామదాసు కీర్తనలు, పండరినాథుని పాటలు ఒకే రాత్రి వినబడుట వింత కాదు.

కరవునకు భజనకు సంబంధము లోతైనది. వాన రానప్పుడు విరాటపర్వము చదివించుట తెలుగునాట ప్రసిద్ధాచారము. రాయలసీమలో దానితోపాటు రామాలయములో రాత్రింబవళ్ళు ఎడతెగని భజన చేయుటయు కలదు. ఒక దినము పొడవున పాట ఆగరాదనినచో ఇరువురు ముగ్గురు మంచి గాయకులతో పని జరుగదు. ఊరంతయు వంతులవారీగా రావలెను. గొంతు బాగున్నవాడు, లేనివాడు అను విచక్షణ అచ్చట చెల్లదు. వానకోసము పాడునప్పుడు అపస్వరము పలికినవానిని లేపి పంపివేయుట కుదరదుగదా. అందఱిని రానిచ్చు గుణము భజనకు ఉదారబుద్ధివలన మాత్రమే గాక ఇట్టి యవసరము వలనను కలిగినదని మా యభిప్రాయము.

ఈ ప్రాంతపు భజనలను స్థూలముగా రెండు తెఱగులుగా గుర్తింపవచ్చును. మొదటిది గుడిలో కూర్చుండి పాడునది. హార్మోనియము, డోలకు లేక తబలా, కొన్ని జతల తాళములు చాలును. వారమునకొకసారి, ఏకాదశినాడు, శ్రీరామనవమికి ఇది జరుగును. రెండవది చెక్కభజన. చేతులలో ఇత్తడి బిళ్ళలు పొదిగిన చెక్కలు, కాళ్ళకు గజ్జెలు ధరించి, వరుసగానో వలయముగానో నిలిచి, అడుగులు వేయుచు పాడునది. మొదటిదానికి ముందుపాట పాడువాడు చాలును. రెండవదానికి గురువు లేనిదే జరుగదు. ‘భజన గురువు’ అని ఊరిలో పేరు వచ్చునది ముఖ్యముగా ఇతనికే.

కూర్చుండి పాడు భజనలో నాయకుని విద్య పైకి కనబడదు. అతడు చేయు మొదటి పని శ్రుతి నిర్ణయము. కచేరి గాయకుడు తన గొంతునకు తగిన శ్రుతిని పెట్టుకొనును. భజన నాయకుడు ఎదుట కూర్చున్నవారి గొంతులకు తగిన శ్రుతిని వెదకును. ముసలివారెందఱు, మీసము రాని పిల్లలెందఱు, ఆడువారు వచ్చిరా లేదా అని ఒకసారి కలయజూచి హార్మోనియము మెట్టు మార్చుట మేము పలుమార్లు గమనించితిమి. అతని గొంతు అంతకన్న ఎక్కువ పలుకగలిగినను పలుకనీయడు.

రెండవది పాటల యెంపిక. ఇచట ఒక శాస్త్రవిషయమును కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. భజనలలోను, లాలిపాటలలోను, మంగళహారతులలోను తఱచుగా వినబడు రాగములు కొన్ని కలవు. నాదనామక్రియ, పున్నాగవరాళి, కురంజి, నవరోజు అట్టివి. లక్షణకారులు వీనిలో మొదటి రెంటిని నిషాదాంత్యములనియు, కురంజిని ధైవతాంత్యమనియు, నవరోజును పంచమాంత్యమనియు చెప్పుదురు. అనగా ఈ రాగములు తారషడ్జమును అంటవు. పైకి పోవుచు ఆ నిషాదముతోనో, ధైవతముతోనో, పంచమముతోనో ఆగి వెనుకకు మరలును. కచేరిలో రాగమును విస్తరింపదలచిన విద్వాంసునికి ఇది ఒక లోపము. గొంతు సాధన లేని రైతుకూలికి ఇదియే వరము. పై షడ్జమును పట్టుకొనజాలక సిగ్గుపడి నోరు మూసికొనవలసిన గండము ఈ రాగములలో లేదు. ఇవి ప్రాచీన జానపద స్వరూపములు గనుక నిలిచినవని చెప్పుట వాడుక. పలువురు కలిసి పాడుటకు అనువైనవి గనుక నిలిచినవని చెప్పినచో కారణము మఱింత స్పష్టమగును. త్యాగరాజస్వామి (1767–1847) ఘనరాగ పంచరత్నములను రచించిన చేతితోనే దివ్యనామ కీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను సులభమైన వరుసలతో రచించెను. గోష్ఠిలో పాడువారి శక్తి యెంతయో ఆయనకు తెలియును.

పాటల పుస్తకముల విషయము కూడ ఇచటనే చెప్పవలెను. ప్రతి భజన నాయకుని యొద్దను చేతివ్రాత పుస్తకమొకటి యుండును. చెన్నపురి, రాజమహేంద్రవరము ముద్రణాలయముల భజన కీర్తనల పుస్తకముల నుండి ఎత్తి వ్రాసికొన్నవి కొన్ని, గురువు చెప్పినవి కొన్ని, తాను కట్టినవి కొన్ని అందులో కలసియుండును. పాట పైన రాగము పేరు అరుదు. దాని స్థానమున ‘ఫలానా పాట వరుస’ అని యుండును. ఆ ఫలానా పాట ఒకప్పుడు రామదాసు కీర్తన, మఱియొకప్పుడు నాటకపు పాట, పెక్కుసార్లు సినిమాపాట. దీనిని చూచి ముఖము చిట్లించుకొన్న పండితులలో మేమును ఒకప్పుడుంటిమి. భక్తిగీతమునకు సినిమా వరుస యేమి యని మా యాక్షేపణ. తరువాత ఆలోచింపగా నాయకుని యుద్దేశము బోధపడినది. క్రొత్తగా వచ్చినవానికి మాటలు తెలియవు. వరుసయు తెలియకపోయినచో వాడు రెండింట పరాయివాడగును. తెలిసిన వరుసలో పాడినచో మాటలు రాకున్నను గొంతు కలుపగలడు, మూడవ ఆవృత్తికి మాటలును వచ్చును. వరుస యనునది గుమ్మము వంటిది. దానిని ఎత్తుగా కట్టినచో లోపలికి వచ్చువారు తగ్గుదురు.

ఇందు మఱియొక విశేషమున్నది. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై రాగనామములతో సహా చెక్కబడి భద్రమైనవి, కాని వరుసలు దక్కలేదు. రాగము పేరు చెప్పినంత మాత్రమున పాట తెలియదు. వాని స్వరకల్పనకు పూనుకొన్న మహనీయులలో అగ్రగణ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979). వారి జన్మస్థలమైన రాళ్ళపల్లి నేటి కంబదూరు మండలములోనిది, బెళుగుప్ప వలెనే కళ్యాణదుర్గము డివిజనులోనిది. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించి, బిడారం కృష్ణప్పగారియొద్ద సంగీతము నేర్చి, 1950 తరువాత తిరుపతి శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయములో అన్నమయ్య సంకీర్తనల పరిష్కరణకు, స్వరరచనకు ఆయన పాటుపడిరి. 1974లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదము నొసగెను. తెలుగు అధ్యాపకులకు ఆయన గర్వకారణము. మా శాఖలో గానము తెలిసినవారు లేరని విచారించునపుడెల్ల ఆయన పేరు చెప్పుకొని ఊరట చెందుచుందుము.

శర్మగారి కృషి విద్వాంసులకు దారి చూపినది. ఐనను ఆయన పుట్టిన మెట్టనేల భజనగుడులకు ఆ పాటలు చేరుటకు చాలకాలము పట్టినది. వచ్చినప్పుడును గ్రంథముల ద్వారముగా గాక గ్రామఫోను, ఆకాశవాణి, క్యాసెట్టుల ద్వారముగా వచ్చినవి. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిన పిమ్మట ఆ ప్రచారము ఇంకను విరివియైనది. క్యాసెట్టులో విన్న పాటను భజన నాయకుడు యథాతథముగా పాడించడు. సంగతులను తీసివేయును, పల్లవిని రెండు ముక్కలు చేయును, మొదటి ముక్క తాను పాడి రెండవది గోష్ఠికి వదలును. సంగీతజ్ఞుడు దీనిని పాటను పాడుచేయుట యనవచ్చును. పల్లవి, చరణము, మరల పల్లవి యను ఆ కట్టడము పలువురు అందుకొనుటకు అమరినదే యని మేము భావింతుము. నాయకుడు సంగతులు తీసివేయుటచే ఆ పాత యెముకల గూడు బయటపడుచున్నది.

ఇక చెక్కభజన. నేర్పుటకు గురువు సాధారణముగా పొరుగూరినుండి వచ్చును. కొన్ని నెలలపాటు ప్రతిరాత్రి చేనిపనులు ముగిసిన తరువాత రామాలయము ముందటి బయలులో అభ్యాసము జరుగును. గురువునకు భోజనము ఇంటింటికి వంతు. నేర్పు ముగిసిననాడు ఊరివారి యెదుట ప్రదర్శనము, గురువునకు క్రొత్తబట్టలు, దక్షిణ. గురువు మొదట పాట చెప్పడు. అడుగు చెప్పును. నోటితో ‘తకధిమి’ యనియో ‘తకిట’ యనియో పలుకుచు కాలు కదిలించును. కాలునకు లెక్క వచ్చిన పిమ్మట చేతికి చెక్కలిచ్చును. చేయి, కాలు రెండును కుదిరిన తరువాతనే నోటికి పాటనందించును. ఈ క్రమము మిక్కిలి గమనింపదగినది. మన పాఠశాలలలో సంగీతము నోటితో మొదలగును. గొంతు లేదనుకొన్న పిల్లవాడు మొదటి దినముననే వెలియగును. ఇచట గొంతు చివరికి వచ్చును. అప్పటికి వాడు కాలిచేత గోష్ఠిలో సభ్యుడై యుండును. పాడలేకపోయినను వానిని వెడలగొట్టుటకు వీలులేదు, వాని యడుగు తప్పినచో వలయము తెగును గనుక.

మా యనుభవమొకటి చెప్పుదుము. బెళుగుప్పకు కొలదిదూరమున ఒక పల్లెలో అభ్యాసము చూడబోయి, గురువు ప్రోత్సాహముచే మేమును చెక్కలు పట్టి వరుసలో నిలిచితిమి. మిశ్రచాపు లక్షణమును తరగతిలో బోధించువారమే. నల్లబల్లపై మూడును నాలుగును కలిపి యేడని వ్రాసి చూపినవారమే. ఆ మూడును నాలుగును కాలిలోనికి దిగకపోవుటచే మా పక్కనున్న ఇరువదియేండ్ల పడుచువానికి రెండుసార్లు తగిలితిమి. గురువు పాట ఆపలేదు. మమ్ము తప్పుపట్టలేదు. ‘సారు ఇట్ల రాండి’ అని పిలిచి వరుసలో చోటు మార్చెను. చివరకు పంపునని తలచితిమి. చివర గాక నడుమ, ఇద్దఱు గట్టివారి మధ్య నిలిపెను. ఇరుప్రక్కల శబ్దము ఒక్కటిగా వినబడునప్పటికి మా కాలు తనంతట తానే సరిపడినది. తరువాత అడుగగా అతడు చెప్పిన మాట: చివర నిలబెట్టితే తప్పు ఎవరికీ కనబడదు, కాని వానికి ఎన్నటికిని రాదు. విద్యార్థులను చివరి బల్లలకు పంపు అధ్యాపకులు మనలో లేకపోలేదు.

వేగము నడపుట గురువు విద్యలో పరాకాష్ఠ. పాట విలంబమున మొదలై, మధ్యమమునకు వచ్చి, ద్రుతమునకు పోయి ముక్తాయింపుతో నిలుచును. ఎప్పుడు వేగము పెంచవలెనో గడియారము చెప్పదు. బలహీనుడైనవాని కాలు చెప్పును. వలయములో అందఱికంటె వెనుకబడువాని యడుగు కుదురుకొన్నదని చూచిన పిమ్మటనే గురువు చెక్కల దెబ్బను బిగించును. కొందఱు గురువులు తమ చాతుర్యమును చూపుటకు ముందే వేగము పెంచుదురు. అప్పుడు నలుగురు నేర్పరులు మెఱయుదురు, తక్కినవారు చెక్కలు దించి చూచువారగుదురు. ఊరిపెద్దలు అట్టి గురువును ‘బాగా ఆడుతాడు’ అందురు. మంచి గురువును ‘బాగా ఆడిస్తాడు’ అందురు. విమర్శకు ఈ రెండు క్రియలు చాలును.

పాశ్చాత్య దేశముల సమాజగానముతో దీనిని పోల్చుట ఉపయుక్తము. అచట గోష్ఠి నాలుగు కంఠభాగములుగ విడిపోయి, వేర్వేఱు స్వరములను ఏకకాలమున పలికి, వాని మేళనమున హార్మనీని సాధించును. నాయకుడు ఎదుట నిలిచి చేతితో నడపును, తాను పాడడు. మన భజనలో స్వరము ఒక్కటే. నాయకుడు లోపలనే యుండి తాను పాడుచు నడపును. ఆ పద్ధతిని మన భాషలకు తెచ్చినవారిలో ముఖ్యులు చిత్తూరులో 1925లో జన్మించిన ఎం. బి. శ్రీనివాసన్‌గారు. మలయాళ చలనచిత్ర సంగీత దర్శకుడుగా ప్రసిద్ధి కెక్కిన ఆయన 1970ల తొలినాళ్ళలో మద్రాసు యూత్ కాయిర్‌ను నెలకొల్పి, సంగీతము నేర్వని యువకులచేతను బహుకంఠ గీతములు పాడించెను. 1980 దశకములో పాఠశాలలయందు సామూహిక గానమును వ్యాపింపజేయు జాతీయ కార్యక్రమమునకును తోడ్పడి, 1988లో కీర్తిశేషుడయ్యెను. ఆయన ప్రతి యొక్కనికి ఒక స్వరభాగమిచ్చి గోష్ఠిలో వాని యవసరమును స్థాపించెను. మన భజన గురువు ప్రతి యొక్కనికి ఒక అడుగిచ్చి ఆ పనినే చేయుచున్నాడు. పద్ధతులు వేఱైనను ‘నీవు లేనిచో ఇచట ఖాళీ యుండును’ అని తెలియజేయుటయే రెండింటి రహస్యము. తెలుగు క్రైస్తవ సమాజములయందు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగములలో కీర్తనలు రచించి, పరదేశపు బాణీలు పలుకలేని సామాన్యులకు నోరిచ్చుటయు ఈ చరిత్రలో చేరవలసినదే.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి భజనగోష్ఠి సర్వజనులకు తెఱచియున్నదని పరిశోధక విద్యార్థి తొందరపడి వ్రాయరాదు. రాయలసీమ పల్లెలలో ఊరికి ఒక రామాలయము, వాడకు మఱియొక భజనగుడి యుండుట సామాన్యము. రెండుచోట్లను పాడునవి ఆ రామదాసు కీర్తనలే, నేర్పునవి ఆ యడుగులే. నడుమనున్న బాట మాత్రము పాటకంటె పాతది. గురువులు దానిని దాటిన సందర్భములెన్ని, దాటనివెన్ని అని పల్లెపల్లెకు తిరిగి లెక్కించినగాని మనము నిజము చెప్పజాలము. దీనిపై సిద్ధాంతవ్యాసము వ్రాయదగినవారికి అవకాశము కలదు. సిద్ధయ్యవంటి దూదేకుల శిష్యుని ఆదరించిన పోతులూరి వీరబ్రహ్మము తత్త్వములు ఈ సీమలో కులభేదము లేక పాడబడుచున్నవి. నార్పల మండలములోని గూగూడు కుళ్ళాయిస్వామి మొహరము ఉత్సవములో హిందువులును ముస్లిములును కలిసి పాల్గొందురు. ఈ రెంటిని చూపి మన పల్లెల సామరస్యమును పొగడుట సులభము. సంవత్సరమునకు ఒక పండుగనాడు కలిసి పాడుటకును, వారమువారము ఒకే గుడిలో కూర్చుండి పాడుటకును గల దూరమును కొలుచుట కష్టము.

స్త్రీల విషయమున మార్పు ప్రత్యక్షముగా కనబడుచున్నది. ఒకప్పుడు చెక్కభజన మగవారిది. ఆడువారికి గొబ్బిపాటలు, మంగళహారతులు, పెండ్లిపాటలు. గుడి బయట నిలిచి వినుట వారి పాలు. తిరువయ్యూరిలో త్యాగరాజ సమాధిమందిరమును తన సొమ్ముతో కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారికే (1878–1952) ఆరాధనలో మొదట పాడు అర్హత లేకపోయినది. ఆమె 1920 దశకములో స్త్రీల గోష్ఠిని వేఱుగ ఏర్పఱచి పాడించెను. 1940 దశకపు తొలినాళ్ళలో పక్షములన్నియు ఏకమై నేటి సామూహిక పంచరత్న గానము స్థిరపడినది. లోపలికి రానీయని గోష్ఠికి ప్రక్కన ఇంకొక గోష్ఠిని నిలుపుట యను ఆమె మార్గమే తెలియకయే మన పల్లెలును అనుసరించినవి. నేడు స్త్రీల కోలాట బృందములు, చెక్కభజన బృందములు పెక్కు వెలసినవి. దేవస్థానమువారి దాససాహిత్య ప్రాజెక్టు నిర్వహించు మెట్లోత్సవములలో తిరుమల మెట్లెక్కుచు పాడు భజనమండళ్ళయందు స్త్రీలు బహుసంఖ్యాకులు. ఐనను నేర్పు గురువు ఇంకను మగవాడే యగుట తఱచు. స్త్రీ గురువులు వచ్చుచున్నారు. వారి పాటల పుస్తకములను ఎవరైనను ఇప్పుడే సేకరించుట మంచిది.

భజనకు నేడు వచ్చిన గండము సినిమాపాట కాదు, దూరదర్శనమును కాదు. మైకు. హార్మోనియము పక్కన ఒక్క మైకును నాయకుని నోటిముందు పెట్టుటతో ఆయన గొంతు ఊరంతట వినబడును, వంతగాండ్ర గొంతులు తమకే వినబడవు. తన గొంతు తనకు వినబడనివాడు కొంతసేపటికి పాడుట మానును. వంత బలహీనమైనకొలది నాయకుడు ఖాళీని నింపుటకు సంగతులు చేర్చును. సంగతులు పెరిగినకొలది వంతకు అందదు. ఇట్లు ఒకటి రెండేండ్లలో భజన కచేరియగుట మేము చూచితిమి. కొందఱు నాయకులు దీనిని గుర్తించి మైకును తమ ముందు తీసి వంతవారి నడుమ పెట్టించుచున్నారు. పోటీలును ఇట్టివే. బహుమతికై చేయు పోటీలో నిర్ణేతలు తప్పు లెక్కింతురు, కావున గురువు తప్పు చేయువానిని తీసివేయును. బహుమతులు గెలుచుకొన్న బృందములలో ముసలివారు కనబడకుండుటకు కారణమిదియే.

వలసలు మఱియొక చిక్కు. వాన లేని యేడు పడుచువారు బెంగుళూరునకు పనికి పోవుదురు. ఇరువదిమంది వలయములో ఎనిమిదిమంది లేకపోయిన చెక్కభజన నిలిచిపోవలెను. నిలిచిపోదు. గురువు వలయమును కుదించును, లేదా చూచుచున్న పిల్లలను లోపలికి లాగును. ఉగాదికో, శ్రీరామనవమికో పోయినవారు తిరిగివచ్చి తమ చోట పిల్లలను చూతురు. అప్పుడు పిల్లలను తీసివేయడు. వలయమును పెద్దది చేయును. మేము చూచిన ఒక శ్రీరామనవమినాడు అట్లు పెద్దదైన వలయము రామాలయము ముందటి బయలున పట్టక, ఒకప్రక్క వేపచెట్టు మొదలును కూడ లోపలికి కలుపుకొని తిరిగెను. చెట్టు దగ్గరకు వచ్చినవారెల్ల ఒక అడుగు ప్రక్కకు వేసి మరల తాళమున కలియుచుండిరి. ఆ యదనపు అడుగునకు గురువు అప్పటికప్పుడే లెక్క కుదిర్చెను.